కొమురవ్వ కొంగుముడి

అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదు. ఇంటింటా కిరసనాయిలు బుడ్లు వెలుగుతున్న కాలం. మీట నొక్కితే దీపం వెలుగుతుందంటే ముసలివాళ్లు నోళ్లు వెళ్లబెట్టిన కాలం. ఆ కాలంలో పక్కపక్కనే మూడు ఊళ్లుండేవి. మోదుగుపల్లె, తుమ్మలకుంట, వాగొడ్డు.

ఆ మూడూళ్ల నెత్తిమీదుగా, పెద్ద పెద్ద ఇనప టవర్ల మీద, కరెంటు పట్నానికి పోతుండేది. కింద ఊళ్లలో మాత్రం చీకటి. చూసి చూసి ఊళ్లవాళ్లకు ఒళ్లు మండింది. "ఎవడో వచ్చి ఇచ్చేదేంది, మనమే తెచ్చుకుందాం" అనుకున్నారు. మూడూళ్లూ కలిసి కరెంటు సంఘం పెట్టుకున్నాయి. బండ్లున్నవాళ్లు స్తంభాలు తెచ్చారు. రెక్కలున్నవాళ్లు గుంతలు తవ్వారు. రెక్కలు అలిసినవాళ్లు గట్క వండి పెట్టారు. మీటరున్న ప్రతి ఇల్లూ సంఘానికి యజమానే. ఏడాదికోసారి అందరూ కూర్చుని చేతులెత్తితే ఏ మాటైనా ఖాయమయ్యేది.

కొమురవ్వకు మాత్రం ఎత్తడానికి చెయ్యి లేదు. అయ్యో, చేతులు రెండూ ఉన్నాయి, భేషుగ్గా ఉన్నాయి. గుడిసెకు మీటరే లేదు.

ఎవరీ కొమురవ్వ? ఈతచాపలు అల్లే ముసలమ్మ. మొగుడు ఎప్పుడో పోయాడు. ఆమెకున్నది ఒక్క కూతురు, బాలమణి. కూతురికున్నది ఒక్క మడి. మోదుగుపల్లె ట్రాన్స్‌ఫార్మర్ గద్దె పక్కన, వేపనీడలో కూర్చుని కొమురవ్వ పొద్దస్తమానం చాపలల్లేది. గుంతలు తవ్విన రోజుల్లో, తవ్వి అలిసినవాళ్లు నడుం వాల్చడానికి పది చాపలు ఊరికే ఇచ్చింది. సంఘం సభ జరిగితే గుమ్మం బయట తన చాప తానే పరుచుకుని కూర్చునేది. లోపలి మాట నచ్చితే తలూపేది. నచ్చకపోతే చేతిలోని ఈతాకు టపుక్కున తెంపేది.

సంఘానికి మొదటి లైన్‌మన్ ఓదెలు. మంచి పనిమంతుడు. తీగ తెగితే ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికొచ్చి మూడు ఫ్యూజులు పీకి, సంచిలో వేసుకుని, అప్పుడు స్తంభమెక్కేవాడు. ఫ్యూజులంటే అరచేయంత తెల్లటి పింగాణీ పిడులు. పెడితే కరెంటు పారుతుంది, పీకితే ఆగుతుంది. ఒకనాడు ఓదెలు స్తంభం మీద ఉండగానే, పని అయిపోయిందనుకుని ఎవరో ఫ్యూజు జాగాలో తీగముక్క మెలేసి పెట్టారు. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. ఓదెలును ఇంటికి మోసుకొచ్చింది కొమురవ్వ అల్లిన చాప మీదే.

ఆ తర్వాత ఆ పనిలోకి ఓదెలు తమ్ముడు సాయిలు వచ్చాడు. పెళ్లయి ఆరు నెలలు కూడా కాలేదు. మొదటిరోజు గద్దె దగ్గరికొచ్చి మూడు ఫ్యూజులు పీకాడు. పీకి, వాటిని చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. సంచిలో వేసుకుంటే అన్న గతే. కాపలా మనిషి కావాలి. ఎవరిని నమ్ముతాడు? అటు చూశాడు, ఇటు చూశాడు, వేపచెట్టు కిందికి చూశాడు.

"అవ్వా, నేనొచ్చి అడిగేదాక ఇవి ఎవ్వలకియ్యకు. గద్దె కాడికి ఎవ్వలను రానియ్యకు."

కొమురవ్వ కొంగు చాపింది. ఒక్కో ఫ్యూజుకు ఒక్కో ముడి, మూడు ముళ్లు వేసింది.

"ఇచ్చిన చేతికే ఇస్త కొడుకా. పైలంగ పొయ్యిరా."

అప్పటినుంచి అదే వాడుక అయింది. సాయిలు ఇచ్చిపోతాడు. కొమురవ్వ ముడేసుకుంటుంది. పని కాగానే వచ్చి చెయ్యి చాపుతాడు. "ఏ చెయ్యి?" అంటుంది. "ఈ చెయ్యే" అంటాడు. ముడి విప్పుతుంది. ఊళ్లోవాళ్లు నవ్వుకునేవాళ్లు, ముసలిదానికి కొత్త ఉద్యోగం దొరికిందని.

ఒక ఎండాకాలం గాలిదుమారం లేచింది. చుక్క వాన పడలేదు గానీ చెట్లు విరిగాయి, తీగలు తెగాయి. పొద్దున్నే సాయిలు ఫ్యూజులు కొమురవ్వ కొంగులో వేసి పోయాడు. ఊరి పక్క స్తంభమెక్కి తెగిన తీగ కట్టాడు, దిగాడు. దిగి చూస్తే వాగు ఆవల కూడా కొమ్మ విరిగి తీగ తెగి ఉంది. ఇసుకలో పడి అటు నడిచాడు. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. ఊళ్లోవాళ్లకు తెలిసిందల్లా ఒక్కటే, స్తంభం మీద మనిషి లేడు.

ముందుగా గిర్ని కిష్టయ్య వచ్చాడు. వడ్లు పట్టే గిర్ని ఆయనది. గిర్ని ముందు గంపలు బారు తీరాయి.

"అవ్వా, సాయిలు స్తంభం దిగిండు, సూడు. ఫ్యూజులియ్యి."

"ఇచ్చిన చేతికే ఇస్త సేటూ."

"సరే, నీ ఫ్యూజులు నీ కొంగులనే ఉండనీ. నా తాన తీగముక్క ఉన్నది. జర జరుగు, ఆలస్యం అమృతం విషం అన్నరు."

కొమురవ్వ జరగలేదు. అల్లుతున్న చాపను గద్దె చుట్టూ ఉన్న కంచె గేటుకు అడ్డంగా పరిచి, దాని మీద కూర్చుంది.

"ఓదెలును మోసిన చాపకు ఇది జంట. తొక్కి పోతవా? పో."

కిష్టయ్య కాలు లేవలేదు. తీగముక్క పిడికిట్లో పట్టుకుని పక్కకు నిలబడ్డాడు.

ఎండ నెత్తికెక్కింది. ఈసారి భూపతి పటేలే వచ్చాడు. సంఘానికి ప్రెసిడెంటు. ఆ రోజే, ఖర్మ కాలి, సంఘం ఎట్లా నడుస్తుందో చూడటానికి పట్నం నుంచి పెద్దమనుషులు దిగారు. బడిలో కూర్చోబెడితే ఫ్యాను తిరగదు, మైకు పలకదు. పటేలు మొహం ఎండకంటే ఎర్రగా ఉంది.

"సాయిలు కల్లు మండువల కూసున్నడట. నలుగురు చూసిన్రు. ఫ్యూజులియ్యి కొమురవ్వా."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదా. మండువ దగ్గర ఒకడు సాయిలు తొడిగేలాంటి ఖాకీ చొక్కా చూశాడు. రెండోవాడు సాయిలును చూశానన్నాడు. మూడోవాడు రెండో ముంత ఎత్తాడన్నాడు.

"ఇచ్చిన చేతికే ఇస్త పటేలా."

"సంఘం మాది. ఫ్యూజులు సంఘానివి. నేను ప్రెసిడెంటును. నీకు మీటరన్న లేదు, ఎవలవే నువ్వు ఆపేటందుకు?"

ఆ మాట కొమురవ్వకు ముల్లులా గుచ్చుకుంది. నిజమే మరి, మీటరు లేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా కొంగు వదల్లేదు.

"సంఘం మీదే పటేలా. ఫ్యూజులు మీయే. పానం మాత్రం ఆ పోరనిది."

పటేలు పళ్లు కొరికాడు. ముసలిదాని మీద చెయ్యి వేస్తే ఊరు ఊరుకోదు. ఆయన కూడా పక్కకు నిలబడ్డాడు.

మూడోసారి వచ్చిన మనిషిని చూసి కొమురవ్వ గుండె జారింది. బాలమణి! పొలం నుంచి పరుగెత్తుకొచ్చింది. కాళ్లకు మట్టి, కళ్లకు నీళ్లు.

"అమ్మా, మడి పర్రెలిచ్చింది. గింజ పాలు పోసుకునే యాళ్ల. ఈ పొద్దు మోటరు నడిపి తడి పెట్టకుంటే అంతా తాలే. ఏడాదంతా నా పిల్లలకు ఏం పెట్టాలె?"

"సాయిలు రాలేదు బిడ్డా."

"వచ్చిండే! మండువ కాడ నేనే సూసిన. నా ఈ కండ్లతోని సూసిన. ఖాకీ అంగీ. నీ బిడ్డ మాట గూడ నమ్మవా?"

వింటున్నారా? పటేలు మాట తోసెయ్యొచ్చు. సేటు మాట తోసెయ్యొచ్చు. కడుపున పుట్టిన బిడ్డ ఏడుస్తుంటే ఏ తల్లి తోసేస్తుంది? కొమురవ్వ చెయ్యి ముడి మీదికి పోయింది. మొదటి ముడి సగం జారింది. అంతలో ఆమెకు ఓదెలు కాళ్లు గుర్తొచ్చాయి. ఆనాడు చాప పొట్టిదై బయటికి వేలాడిన కాళ్లు.

"మొకం సూసినవా బిడ్డా?"

బాలమణి తల దించింది. "ఈపు సూసిన."

"నాకు ఫ్యూజులు ఈపు ఇయ్యలేదు తల్లీ. చెయ్యి ఇచ్చింది." జారిన ముడిని కొమురవ్వ మళ్లీ బిగించింది. బిగిస్తూ బోరున ఏడ్చింది. తల్లీ ఏడ్చింది, కూతురూ ఏడ్చింది. కొంగు మాత్రం విడవలేదు.

అప్పుడొచ్చింది ఖాకీ చొక్కా, గొర్రెలను తోలుకుంటూ. అందరూ గిరుక్కున తిరిగి చూశారు. చొక్కాలో ఉన్నది గొల్ల బీరయ్య.

"ఏందయ్యా, గట్ల సూస్తున్నరు?"

"ఈ అంగీ యాడిదిరా?" అన్నాడు పటేలు.

"సాయిలు ఇచ్చిండు, పాతది. పాపం, వాగు అవతల స్తంభం మీదున్నడు. రెండు చేతుల తీగ పట్టుకొని గుంజుతున్నడు. పొద్దుగాల ఆడ మంచినీళ్లిచ్చి మండువ దిక్కు వచ్చిన. ఇప్పుడు గొర్లను తోలుకొస్తుంటే గూడ ఆడనే కనవడ్డడు."

కిష్టయ్య పిడికిట్లోంచి తీగముక్క జారి కిందపడింది. పటేలు గద్దె పక్కన చతికిలబడ్డాడు. బాలమణి తల్లి పాదాల మీద తల పెట్టింది. సాయిలు పెళ్లాం మొహం ఒక్కొక్కరికీ కళ్లముందు మెదిలింది.

ముందుగా లేచింది పటేలే. "నిలబడి సూస్తే ఏమొస్తది? బిందెలు తేండ్రి."

ఊరబావిలో చేదలు పడ్డాయి. బిందెలు, బొక్కెనలు, కావళ్లు వచ్చాయి. చివరికి గిర్ని ముందు గంపలు పక్కనబెట్టి ఆడవాళ్లు కూడా వచ్చారు. బావి దగ్గరినుంచి బాలమణి మడి దాకా మనుషులు వరస కట్టారు. పటేలు నీళ్లు మోశాడు. కిష్టయ్య నీళ్లు మోశాడు. పట్నం పెద్దమనుషులు ప్యాంట్లు మోకాళ్లదాకా మడిచి నీళ్లు మోశారు. సంఘం ఎట్లా నడుస్తుందో చూడటానికి వచ్చారు కదా, చూశారు.

పొద్దు వాలుతుండగా సాయిలు వచ్చాడు. మోకాళ్ల దాకా ఇసుక, అరచేతులు చీరుకుపోయాయి. ఊరంతా మడిలో ఎందుకుందో అతనికి అర్థం కాలేదు. నేరుగా వేపచెట్టు కిందికొచ్చి చెయ్యి చాపాడు.

"ఏ చెయ్యి?" అంది కొమురవ్వ.

"ఈ చెయ్యే అవ్వా."

ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని కళ్లకద్దుకుంది. తర్వాతే ముళ్లు విప్పింది.

ఆ ఏడు సంఘం సభలో పటేలు లేచి, "మీటరు లేకున్నా కొమురవ్వకు సంఘంలో చెయ్యి ఉండాలె" అన్నాడు. ఎత్తని చెయ్యి లేదు. కొమురవ్వ తన చాప చుట్టి చంకన పెట్టుకుని గుమ్మం దాటి లోపలికొచ్చింది. ముందు వరసలో పరుచుకుని కూర్చుంది. అయినా మాట నచ్చకపోతే ఈతాకు తెంపడం మాత్రం మానలేదు.

ఏళ్లు గడిచాయి. సాయిలు మీసం నెరిసింది. కొమురవ్వ నడుం వంగింది. ఒకనాడు సాయిలు ఎప్పట్లాగే మూడు ఫ్యూజులు కొంగులో వేసి పోయాడు. మధ్యాహ్నం బాలమణి గట్క తెచ్చింది. కొమురవ్వ వేపమానుకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. బాలమణి ఒకసారి పిలిచింది. రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలిచి, భుజం పట్టుకుని కుప్పకూలింది. కొమురవ్వ పోయింది. పిడికిలి మాత్రం కొంగుముళ్ల మీద బిగుసుకునే ఉంది.

జనం చేరారు. ఎవరో సంగతి తెలియనివాడు, "ఆ కొంగు విప్పుండ్రి, మనిషిని పండబెట్టాలె" అన్నాడు.

"ఆగు!" అన్నాడు గిర్ని కిష్టయ్య. అప్పటికి ఆయన కర్ర పట్టుకుని నడిచే ముసలివాడు. "ఇచ్చిన చేతికే."

భూపతి పటేలు గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. బాలమణి తల్లి పక్కన కూర్చుని, ఆ పిడికిలి మీద తన చెయ్యి వేసింది. సాయిలుకు కబురు పంపుదామన్నారు కొందరు. బాలమణే వద్దంది. స్తంభం మీది మనిషికి చావు కబురు చెప్పొద్దంది. గిర్ని ఆగింది. బావుల మీది మోటార్లు ఆగాయి. మూడూళ్లూ పొద్దుగూకేదాకా ఆ వేపచెట్టు చుట్టూ కూర్చున్నాయి.

సాయిలు వచ్చాడు. జనాన్ని చూశాడు. అవ్వను చూశాడు. మోకాళ్ల మీద కూలబడి చెయ్యి చాపాడు. ఏ చెయ్యి అని అడిగేవాళ్లు లేరు. అయినా చెప్పాడు.

"ఈ చెయ్యే అవ్వా."

పిడికిలి దానంతట అదే విడిచిందంటారు కొందరు. సాయిలే వేలు వేలూ మెల్లగా విప్పాడంటారు కొందరు. నేను చూడలేదు, నన్నడగకండి. మూడు ముళ్లూ విప్పింది మాత్రం సాయిలే.

ఇప్పటికీ ఆ మూడూళ్లలో లైన్‌మన్ స్తంభమెక్కే ముందు వాడలో ఒక పెద్దావిడను పిలుస్తాడు. ఆమె గేటుకు అడ్డంగా ఈతచాప పరిచి, ఫ్యూజులు కొంగున ముడేసుకుని కూర్చుంటుంది. ఎవరైనా నమ్మి ఒక మాట చెప్పుకుంటే, "కొమురవ్వ కొంగులో వేసినవ్ పో" అంటారు. సంఘం సభలో ముందు వరసలో ఒక చాప ఖాళీగా పరుస్తారు. ఎత్తిన చేతులు లెక్కపెట్టేటప్పుడు ఒకటి ఎక్కువే లెక్కపెడతారు.

ఇంకొకటుంది. ఆ ఊళ్లలో కరెంటు పోతే ఎవరూ గొణగరు. చంటిపిల్లలు ఉక్కకు ఏడిస్తే తల్లులు విసనకర్ర అందుకుని చెబుతారు.

"ఊకో బిడ్డా. కొమురవ్వ కూసున్నది. ఎవలి కొడుకో స్తంభం మీదున్నడు."