జింపాచికి వదిలిన రాయి

అనగనగా, ఎవరి లెక్కకీ అందనంత కాలం కింద, జపాన్ దేశంలో ఒక కొండ ఉండేదంట. ఆ కొండ మీద మూడు గుళ్ళు. కింద ఒకటి, నడిమిన ఒకటి, పైన ఒకటి. ఆ మూడింటికీ పైన దొరగారి కోట. దారంతా మెట్లే. ఎక్కినోళ్ళకే తెలుస్తది ఆ మెట్ల సంగతి.

ఆ కొండ కింద జింపాచి అని ఒక మోతగాడు. వీపుకి చెక్క చట్రం కట్టుకుని బియ్యం, నూనె, నడవలేని ముసలోళ్ళు, ఏదైనా మోసేవాడు. చేతిలో ఒక పొట్టి కర్ర. అలుపొస్తే ఆ కర్రని వెనక చట్రం కింద ఆనించి, నిలబడే ఊపిరి తీసుకునేవాడు. మోతగాళ్ళు కూర్చోరు. బరువుతో కూర్చుంటే మళ్ళీ లేవలేరు.

ఒకరోజు పొద్దున్నే ఓకునె అనే ముసలమ్మ వచ్చింది. ఆమెకి ఒక్కడే కొడుకు, తాసుకె. కోటగోడకి రాళ్ళు లాగమని దొర మనుషులు వాణ్ణి పట్టుకుపోయి మూడేళ్ళయింది. ఏడాదికి ఒక్కరోజు దొర కనికరిస్తాడు. ఆ రోజు ఏ తల్లైనా మూడు గుళ్ళలో దణ్ణం పెట్టి, కాగితం మీద మూడు ముద్రలు వేయించుకుని, సాయంత్రం నగారా మోగేలోపు కోట గుమ్మం దాటితే, ఆమె బిడ్డని వదిలేస్తారు. ఆ రోజు ఇదే. ముసలమ్మకేమో మోకాళ్ళు పనిచెయ్యవు.

మిగతా మోతగాళ్ళు నవ్వారు. "మూడు గుళ్ళూ కోటా ఒక్కరోజులోనా? నిన్ను పైకి మోసే బదులు కోటనే కిందికి మోసుకొస్తాంలే అవ్వా!"

జింపాచికి నిన్నటి మోతకే భుజాలు పుళ్ళు పడున్నాయి. అయినా వంగాడు.

"ఎక్కవ్వా."

మొదటి గుడి. ముద్ర పడింది.

"కాసేపు కూర్చో నాయనా" అంది ముసలమ్మ.

"కూర్చుంటే లేవలేనవ్వా. కర్ర ఉందిగా."

రెండో గుడికి మిట్టమధ్యాహ్నం. గడ్డి చెప్పులు తెగిపోయాయి. ముద్ర పడింది.

"కూర్చో నాయనా. కాళ్ళు వణుకుతున్నాయి నీకు."

"అవెప్పుడూ అంతే. కూర్చుంటే లేవలేనవ్వా. కర్ర ఉందిగా."

మూడో గుడికి పొద్దు వాలింది. అక్కడ పూజారి ముద్ర వెయ్యడానికి సిరా నూరుతున్నాడు. నూరాడు, నూరాడు, నూరాడు. ముద్ర పడింది.

ముసలమ్మ ఏడ్చింది. "నా మూలాన నువ్వు చచ్చేలా ఉన్నావు. దించెయ్. నా కొడుకు రాత అంతే అనుకుంటా."

"ఊరుకో అవ్వా. ఎండు చేపంత బరువు లేవు నువ్వు. కూర్చుంటే... కర్ర ఉందిగా" అన్నాడు. మాట సగమే వచ్చింది.

కోట గుమ్మం దగ్గర కాపలావాడు నగారా మీదికి చెయ్యి ఎత్తాడు. అప్పుడే జింపాచి కాలు గుమ్మం దాటింది. ముసలమ్మని దించాడు.

"పో అవ్వా. నేనిక్కడే నిలబడతా."

ఖాళీ చట్రం కింద కర్ర ఆనించి, గోడవార నిలబడ్డాడు. నగారా మోగింది.

"పాపం, అలిసిపోయాడు. కదిలించకండి" అన్నాడు కాపలావాడు. వచ్చేపోయేవాళ్ళు గొంతు తగ్గించుకుని పక్కనుంచి నడిచారు.

చాలాసేపటికి తాసుకె తల్లిని వీపున ఎక్కించుకుని బయటికొచ్చాడు.

"జింపాచీ, ఇంక బరువు లేదుగా. ఇప్పుడన్నా కూర్చో నాయనా" అంది ముసలమ్మ.

పలకలేదు. తాసుకె వెళ్ళి అతని భుజం ముట్టుకున్నాడు. చల్లగా ఉంది. ఎప్పుడు పోయాడో ఏమో. నిలబడే పోయాడు.

తాసుకె ఇంటికి పోలేదు. కోటగోడకి తెచ్చిన రాళ్ళలో పీటలాంటి రాయి ఒకటి అడిగి తీసుకున్నాడు. మూడేళ్ళు ఎవరో చెప్తే లాగాడు. ఆ ఒక్కటి ఎవరూ చెప్పకుండా లాగాడు. తెచ్చి మెట్ల మలుపులో వేశాడు.

ఇప్పటికీ ఆ కొండెక్కేవాళ్ళు, కాళ్ళు ఎంత పీకుతున్నా, ఆ రాయి మీద కూర్చోరంట. దాన్ని చేత్తో తుడిచి, "ముందు నువ్వు కూర్చో జింపాచీ" అని, వాళ్ళు కింద మట్టిలో కూలబడతారంట. తెలీని పిల్లలు ఉరికెళ్ళి దాని మీద కూర్చోబోతే, పెద్దోళ్ళు మెల్లిగా చెయ్యి పట్టి లాగుతారంట.

"అది ఖాళీగా లేదమ్మా. ఇటు రా."