పక్కన నిలబడ్డ జీపు

కరుణాకర్ భుజాన సంచి వేసుకుని పొద్దున్నే గురువు ఇంటికి వచ్చాడు. ఊరు విడిచి పోతున్నాడు. ఆ మాట చెప్పి పోదామని వచ్చాడు.

గురువు పేరు సిద్ధరామప్ప. ఎమ్మిగనూరులో పగలంతా టాక్సీ తోలుతాడు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని నలుగురికి అచలబోధ తత్వాలు చెప్తాడు.

"మరి మీ అన్న?" అని అడిగాడు గురువు.

కరుణాకర్ ఆ ప్రశ్న కోసమే వచ్చినట్టు మండిపడ్డాడు.

"వదిన పోయి మూడు నెలలైంది స్వామీ. మగ్గం ముట్టడు. నోరు విప్పడు. మూల కూర్చున్నాడంటే పొద్దు గూకేదాకా అట్లే. నేను రోజూ చెప్తూనే ఉన్నా. శోకం కూడా సంకెలే, తెంచుకో అన్నా. లేచి నిలబడ్డవాడిదే రేపు అన్నా. పుస్తకాలు చదివి వినిపించా. రాయికి చెప్పినట్టుంది. నిన్నయితే, నువ్వు బతికున్న శవానివి అనేశా."

"ఏమన్నాడు?"

"దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు."

తల్లీతండ్రీ లేని తమ్ముణ్ని మగ్గం నేసి డిగ్రీ దాకా చదివించింది ఆ అన్నే, ఈరన్నే. అది ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

"పట్నంలో మా సంఘంవాళ్లు పిలుస్తున్నారు. జనం కోసం బతకాలనుకున్నవాడు ఒక్క మనిషి దగ్గర ఆగిపోకూడదు స్వామీ. అన్న అయిపోయాడు. ఇక లేవడు."

"సరే నాయనా. బస్టాండులో దింపుతా. నువ్వే బండి తియ్యి," అని గురువు తాళంచెవి ఇచ్చాడు.

కరుణాకర్ సంచి వెనక సీట్లో పడేసి, పాత అంబాసిడర్‌లో కూర్చుని తాళం తిప్పాడు. బండి మూలిగింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ మూలిగింది. పళ్లు బిగించి ఏడెనిమిదిసార్లు సెల్ఫు కొట్టాడు. మూలుగు సన్నబడి సన్నబడి టిక్కుమని ఆగిపోయింది. స్టీరింగు ముందు వెలిగే ఎర్రదీపం కూడా ఆరిపోయింది.

"చచ్చింది స్వామీ!"

"బ్యాటరీ దిగింది. కాస్త మిగిలి ఉండె," అన్నాడు గురువు. "అదీ లాగేసినావు."

ఎదురింటి మాబాషా నవ్వుతూ బయటికొచ్చాడు. "ఏమప్పా లీడరూ! కారుకు కూడా ఒక ఉపన్యాసం ఇయ్యరాదా? లేచి ఉరుకుతుంది!"

గురువు అడగకముందే అతను తన జీపును తెచ్చి కారు పక్కన నిలిపాడు. గురువు డిక్కీలోంచి వైర్లు తీశాడు. ఎర్రది ఈ బ్యాటరీకీ ఆ బ్యాటరీకీ కలిపాడు. నల్లవైరు ఒక కొస జీపు బ్యాటరీకి పెట్టి, రెండోది కారు ఇంజను ఇనుముకు తగిలించాడు. జీపు ఇంజను నడుస్తోంది.

కరుణాకర్ చెయ్యి తాళం మీదికి పోయింది. గురువు ఆ చేతిని మెల్లగా పట్టుకున్నాడు.

"ఉండు."

"కలిపినాం కదా స్వామీ?"

"కలిపినాం. ఇంకా ఎక్కలేదు."

ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. గురువు వేరుశనక్కాయలు ఒలిచి, గింజలు శిష్యుడి అరచేతిలో పెడుతున్నాడు. జీపు అక్కడే నిలబడి సన్నగా గురగురమంటోంది. కారు ఉలుకూ పలుకూ లేదు.

కరుణాకర్ వాచీ చూసుకున్నాడు. "ఏమీ జరగడం లేదే!"

"అట్లే కనపడుతుంది."

"ఇట్లా ఎంతసేపు?"

"అది అందుకునేదాకా."

గురువు ఇంకో కాయ ఒలిచాడు. కరుణాకర్ ఆ జీపునే చూస్తూ ఉండిపోయాడు. అది కారును నెట్టడం లేదు, లాగడం లేదు. చేతిలో గింజలు నిండినా తినడం మరిచిపోయాడు.

"ఇప్పుడు తిప్పు," అన్నాడు గురువు చాలాసేపటికి.

కరుణాకర్ సీట్లోకెక్కి తాళం తిప్పాడు. ఒక్కసారికే బండి అందుకుంది. అతను దిగాడు. గురువు వైర్లు ఒక్కొక్కటే విప్పి, డ్రైవరు సీట్లో కూర్చుని, "బస్టాండుకేనా?" అన్నాడు.

కరుణాకర్ వెనక తలుపు తెరిచి సంచి తీసుకున్నాడు. డ్రైవరు తలుపు దగ్గర వంగి గురువు కాళ్లకు మొక్కి, నేతగాళ్ల వీధి వైపు నడిచాడు.

ఈరన్న మగ్గం గుంట పక్కన దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. కరుణాకర్ వెళ్లి పక్కనే, గోడవారన, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. నాలుకమీదికి నాలుగైదు మాటలు వచ్చాయి. అన్నీ మింగేశాడు. వీధిలో మిగతా మగ్గాలు టకటకలాడుతున్నాయి. అన్నం వేళ దాటింది. ఎండ గడప దాటి బయటికి పోయింది.

పొద్దు వాలుతుండగా ఈరన్న తల తిప్పకుండానే, చాన్నాళ్లు వాడని గొంతుతో అన్నాడు:

"ఆ గోడ చెమ్మరా. ఇట్లా జరుగు."