ఏడో సాలుకు పోసిన నీళ్లు

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు: పత్తి పరిశోధన కేంద్రంలో ఏడో సాలుకు నీళ్లు పోసింది నేనే. సూటిగా చెప్పబోతే నోరు పెగలడం లేదు. అందుకే ముందు ఒక గాడిద కథగా చెప్తాను.

జంతువులకూ ఒక పత్తి పరిశోధన కేంద్రం ఉండేది. దానికి అధికారి కొంగ సారు. ఒంటికాలి మీద నిలబడి గంటలకొద్దీ ఒక్క మొక్కనే చూడగలదు. మేస్త్రి నక్క. బోరు దగ్గర్నుంచి పత్తి మళ్లకు నీళ్ల డబ్బాలు మోసేది గాడిద.

వానలు ముఖం చాటేసినా బతికే పత్తి కావాలని కొంగ పన్నెండు రకాలు తెచ్చి పన్నెండు సాళ్లు వేయించింది. పూత వేళకి గట్టిగా చెప్పింది.

“ఇరవై రోజులు వీటికి చుక్క నీరు పోయొద్దు.”

“చచ్చిపోతాయేమో సారూ!” అంది గాడిద.

“చచ్చేవి చావనీ. చావనిదే మనకు కావాలి.”

గాడిదకు ఆ మాట బుర్రకెక్కలేదు. నీళ్లు మోయడానికి నన్ను పెట్టుకుని నీళ్లు పోయొద్దంటుందేమిటి? తొమ్మిదో రోజు ఏడో సాలు పక్కనుంచి వెళ్తుంటే ఒక మొగ్గ రాలి దాని గిట్ట మీద పడింది. ఇక మనసు ఆగలేదు. అటూ ఇటూ చూసి డబ్బా వంచింది. మర్నాడూ వంచింది. ఆ మర్నాడూ.

ఇరవై రోజులయ్యేసరికి పదకొండు సాళ్లు వాడి వేలాడుతున్నాయి. ఏడోది నవనవలాడుతోంది. కొంగ ఒక మొక్క పీకి, తిప్పి తిప్పి చూసింది.

“నీళ్లకోసం లోతుకు దిగాల్సిన వేరు జానెడు కూడా లేదు. కాయలు చూస్తే ముప్పై. ఎట్లా బతికింది ఇది?”

నక్క గొంతు సవరించుకుంది. “గాలిలో తేమ పీలుస్తోంది సారూ. నేను మొదటిరోజే కనిపెట్టాను. ఈ రకానికి నా పేరే పెట్టండి.”

“పక్క సాళ్లకూ అదే గాలి కదయ్యా?”

“వాటికి పీల్చడం రాదు సారూ!”

కొంగ అయోమయంలో రెండో కాలు కూడా దించేసింది. కాయలైతే కళ్లెదుటే ఉన్నాయి. చివరికి ఆ సాలు గింజలనే విత్తనంగా సంచులకెత్తించింది.

గట్టు మీది వానాధారపు చెలక నుంచి మేక వచ్చింది. నలుగురు పిల్లల తల్లి. పోయినేడు రెండుసార్లు విత్తితే రెండుసార్లూ మాడిపోయింది. అది గాడిదను పక్కకు పిలిచింది.

“సార్ల మాటలు నాకు అర్థం కావక్కా. నువ్వు రోజూ అక్కడే ఉన్నావు. నిజంగా నీళ్లు లేకుండానే బతికిందా?”

నిజం చెబితే పని పోతుంది. గాడిద డబ్బా సర్దుకుంటూ “బతికింది,” అంది.

మేక విత్తింది. నక్క కూడా గొప్పకుపోయి తన చెలకంతా అదే వేసింది. సరిగ్గా పూత వేళకి ఇరవై రోజులు వాన లేదు. రెండు చేలూ మాడిపోయాయి. మేక ఎండిన మొక్కను ఈడ్చుకొచ్చి నక్క ముందు పడేసింది.

“పీల్చమనవయ్యా! గాలి బోలెడంత ఉంది!”

నక్క తోక ముడిచి కొంగ వెనక దాక్కుంది. కొంగ మొక్కను, మేకను మార్చి మార్చి చూసింది. “మా దగ్గర బతికిందే... మీ దగ్గర ఎందుకు చచ్చింది?” మేక మాత్రం గాడిదనే చూస్తోంది. గాడిద నేల చూస్తోంది.

నీతి: పరీక్షలో ఉన్న మొక్క మీద దొంగచాటుగా జాలి చూపితే, దాన్ని నమ్ముకున్నవాళ్ల నోట్లో మట్టి కొట్టినట్టే.

కథలో మేక విత్తేసింది. మా ఏడో సాలు విత్తనం సంచులు మాత్రం ఇంకా గోదాంలోనే ఉన్నాయి. సోమవారం చెలక ఊళ్లకు వెళ్తాయి. నిన్న అక్కడి రైతు కొమురవ్వ వచ్చి, “నువ్వు కండ్లార చూసినవు గద బిడ్డా, మంచిదేనా?” అనడిగింది. తలూపాను. ఎండుతున్న మొక్కకు నీళ్లు పోయడం తప్పెట్లా అయిందో నాకింకా పూర్తిగా అంతుపట్టలేదు. ఆ తలూపడం తప్పని మాత్రం తెలుసు.

మా కేంద్రం అధికారి సుభాషిణి మేడం ఆ పొట్టి వేరును ఇప్పటికీ బల్ల మీదే పెట్టుకుని చూస్తున్నారు. “ఎట్లా బతికిందమ్మా ఇది?” అని పోతూ వస్తూ నన్నే అడుగుతారు. ఈసారి ఆవిడ అడిగేదాకా ఆగను. ఫోన్ చేస్తాను, ఇప్పుడే.