మూత తీయని కుండ

నాకు రాయడం అలవాటు లేదు. ఇంతవరకు ఒక్క కథ కూడా రాసి ఎరగను. పిల్లలకు అన్నం పెట్టేటప్పుడు నోటితో చెప్పుకోవడమే. ఇదీ అలా చెప్పుకున్నదే. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

అనగా అనగా ఒక కోట. కోటకు ఒక రాజు. కోట వెనక పెద్ద పచ్చిక బీడు. ఆ బీడులో ఆవులు మేపుకుని బతికే గొల్లలు కొందరు.

ఏటేటా ఏరువాకనాడు రాజు నాగలి పట్టే ముందు పెరుగన్నం తినాలి. ఆ పెరుగు వంతుల వారీగా ఒక్కో గొల్ల ఇంటి నుంచి వెళ్లాలి. సభలో కుండ బోర్లిస్తారు. పెరుగు జారకుండా నిలిచిందా, ఏడాదంతా ఆ ఇంటి ఆవులకు మేత. జారిందా, ఆ ఇంటి ఆవు బీడు తొక్కకూడదు.

ఆ ఏడు వంతు ఓబులమ్మది. నిరుడు పక్కింటివాళ్ల పెరుగు జారింది. వాళ్ల ఆవులు ఎముకలు తేలి ఒక్కొక్కటే కూలిపోవడం ఆమె కళ్లారా చూసింది. అప్పటి నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు.

ఏరువాక ముందురోజు పొద్దున్నే పాలు కాచి, గోరువెచ్చగా ఆరనిచ్చి, తోడు వేసి మూత పెట్టింది. గడపలో పిల్లి కూర్చుని ఉంది.

“ఓబులక్కా, తోడుకుంటాయంటావా? నిరుడు వాళ్లూ ఇలాగే మూత పెట్టి నమ్ముకున్నారు పాపం,” అంది పిల్లి.

ఓబులమ్మ ఆగలేకపోయింది. మూత తీసింది. వేలు పెట్టి చూసింది. పాలు పాలలాగే ఉన్నాయి. కాసేపాగి మళ్లీ తీసింది, మళ్లీ వేలు పెట్టింది. మధ్యాహ్నానికి అడుగున ముక్కలు, పైన నీళ్లు. పారబోస్తే పిల్లి తాగింది.

మిగిలిన పాలకు తోడు వేసింది. ఈసారి వేలు పెట్టలేదు.

“నీడన చల్లబడుతోందేమో అక్కా,” అంది పిల్లి. ఓబులమ్మ కుండను ఎండలోకి జరిపింది. “ఎండకు పులుస్తుందేమో.” నీడలోకి జరిపింది. సాయంత్రానికి అదీ నీళ్లే. అదీ పిల్లికే.

ఇక మిగిలినవి సందెపాలు. వాటికీ తోడు వేసింది.

అరుగు మీద నుంచి అత్త పిలిచింది. ఆవిడకు చూపు ఆనదు గాని చెవులు మాత్రం పాము చెవులు.

“ఏమే కోడలా, పొద్దుటి నుంచి మూత చప్పుడే వింటున్నాను. తోడుకున్నారా అని పాలనే అడుగుతున్నావా?”

“భయమేస్తోంది అత్తా. చూడకపోతే ఎలా తెలుస్తుంది?”

“అన్నమైతే మెతుకు పట్టి చూస్తాం. పెరుగును అలా చూడకూడదే. నువ్వు చేయాల్సింది చేశావు. పాలు చేయాల్సింది పాలను చేయనీ. ఇంద, ఈ కందుల్లో రాళ్లేరు.”

ఓబులమ్మ మూత మీద రుబ్బురోటి పొత్రం బరువుగా పెట్టి, చేట ముందేసుకుంది. పిల్లి వచ్చింది.

“అక్కా, విరిగిన వాసన వస్తోంది.”

చేయి కుండవైపు పోబోయింది. చేటలో రాయి కనబడింది. ఏరింది.

“అక్కా, ఇవీ పోతే ఇంక పాలు లేవు.”

అది నిజమే. ఓబులమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. కన్ను తుడుచుకుని మరో రాయి ఏరింది.

“నీ ఆవులంటే నీకు జాలి లేదా అక్కా?”

ఓబులమ్మ అప్పుడు తలెత్తి దాని మొహం చూసింది.

“నీ మీసాలకు మీగడ అంటింది. తుడుచుకో,” అంది.

పిల్లి మీసాలు నాక్కుంటూ వెళ్లిపోయింది. కందులు శుభ్రమయ్యాయి. ఓబులమ్మ వెళ్లి అత్త పక్కన పడుకుంది.

ఏరువాకనాడు సభలో రాజు అడిగాడు. “తోడుకుందో లేదో చూసే తెచ్చావా?”

“లేదు దొరా.”

సభ గొల్లున నవ్వింది. రాజు మొహం ముడుచుకుంది. “చూడకుండా నా ఎదుటికి తెచ్చావా? ఎంత ధైర్యం!”

“ధైర్యం కాదు దొరా. నిన్న రెండు కుండలు చూసి చూసి పాడుచేశాను. నా చేతిని నేను ఆపుకున్నది దీని దగ్గరే.”

నవ్వులు ఆగిపోయాయి. భటుడు మూత తీసి కుండ బోర్లించాడు. అంచున ఒక్క చుక్క ఊరింది. చుక్క అక్కడే ఆగింది. పెరుగు కదల్లేదు.

“నీ ఆవులను బీడుకు తోలుకో తల్లీ,” అన్నాడు రాజు.

మర్నాడు పొద్దున ఓబులమ్మ పాలు కాచి, తోడు వేసి, మూత మీద పొత్రం పెట్టింది. గడపలో పిల్లి నోరు తెరవబోయింది. దాని ముందు మూకుడులో కాసిన్ని పాలు పోసి, ఆవులను తోలుకుని, వెనక్కి చూడకుండా బీడుకు వెళ్లింది.

చేయాల్సింది చేశాక చేయి తీసేయాలి. ఊరికే కెలుకుతూ కూర్చుంటే పాలూ తోడుకోవు, మనసూ కుదుటపడదు.