పైడిరాజు బేసిల్ పోపు

విశాఖపట్నంలో ఒక అతిథి గృహంలో పైడిరాజు అనే వంటవాడు ఉండేవాడు; చేయి మంచిదే గాని, ఎవరి మాటా చివరిదాకా వినేవాడు కాదు.

ఒకరోజు యజమానురాలు హైమావతమ్మ అతన్ని పిలిచింది. భీమిలిలో కొత్త అతిథి గృహం తెరుస్తున్నారట. రెండు నెలల తర్వాత ఆదివారం భాగస్వాములు భోజనానికి వస్తారనీ, మేడ మీద తులసిలాంటి ఇటాలియన్ బేసిల్ మొక్క పెంచి, ఆ ఆకుతో పాస్తా వండి మెప్పిస్తే అక్కడి వంటిల్లు అతనిదేననీ చెప్పింది. పెద్ద వంటవాడు కావాలని పైడిరాజు ఆరేళ్లుగా ఆశపడుతున్నాడు. ఎలా వండాలో ఆమె ఇంకా చెబుతూనే ఉంది, అతను మేడ మెట్లెక్కుతున్నాడు. ఆ రోజు నుంచి అతనికి కుదురు లేదు.

విత్తనాలు మూడు కుండీల్లో చల్లాడు. మొక్కలు చూసే నూకాలమ్మ నీళ్లు పొయ్యమంది. మట్టి ఆరాకే పొయ్యమనేలోపు చెంబు అందుకున్నాడు. మొలకలు లేచాయో లేదోనని పూటకు నాలుగుసార్లు పోశాడు. రెండు కుండీల్లోవి కుళ్లిపోయాయి. మూడోదాన్ని నూకాలమ్మ తన దగ్గరికి లాక్కుంది గనుక బతికింది.

విందుకు ముందు రోజు, శనివారం, ఆమె "అమ్మగారు సెప్పారు బాబూ. ఈ ఆకు పాస్తాలో ఎయ్యాల. అయితే పొయ్యి..." అంది.

"నాకు వంట నేర్పుతావేటి?" అంటూ పైడిరాజు మెట్లు దిగిపోయాడు.

ఆదివారం పాస్తా పోపుకి బాణలిలో నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి. కరివేపాకు వేసినట్టే, మొక్కకున్న ఆకంతా దూసి అందులో వేశాడు. చూస్తుండగానే అది నల్లబడింది. పరిమళం పోయి చేదు మిగిలింది. మళ్లీ వండుదామంటే ఒక్క ఆకు లేదు. అతిథులు ఒక ముద్ద తిని పళ్లేలు పక్కకు జరిపారు.

పోపులో వెయ్యమని ఎవరు చెప్పారని హైమావతమ్మ అడిగింది. అతను నూకాలమ్మ వైపు చూశాడు.

"పొయ్యి మీంచి దింపేక ఎయ్యమని సెప్పబోయానమ్మా. ఇంటేగా," అంది ఆమె.

పైడిరాజు సిగ్గుతో తలెత్తలేకపోయాడు. భీమిలి వంటిల్లు వేరొకరికి వెళ్లింది.

మర్నాడు అతను మోడైన మొక్క ముందు కూర్చుని, ఇప్పుడేం చెయ్యాలో చెప్పమన్నాడు. నూకాలమ్మ తాపీగా మొదలుపెట్టింది. రెండుసార్లు లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. చివరిదాకా విన్నాడు. ఇరవై రోజులకు మొక్క చిగిర్చింది. చేజారిన వంటిల్లు మాత్రం తిరిగి రాలేదు.

చెప్పేవారి మాట చివరిదాకా వినే ఓపిక లేకపోతే, ఎంత పనితనమైనా బూడిదలో పోసిన పన్నీరే.