ఇరుసుల బట్టీ

చింతలకోట రాజ్యంలో గవరయ్య అనే వడ్రంగి ఉండేవాడు. ఒక యుద్ధంలో బండి ఇరుసు విరిగి అతని తమ్ముడు చనిపోయాడు. ఆ ఇరుసుకు వాడిన మద్దికర్రను తొందరపడి పెద్దమంట మీద ఆరబెట్టారు. పైన ఎండినా లోపల పచ్చిగా ఉండి, అది పగిలిపోయింది. అప్పటినుంచి గవరయ్య బట్టీలో సన్నని సెగ పెట్టి, నీళ్లకుండలు ఉంచి, ఆ ఆవిరిలో కర్రను ఇరవై రోజులు ఆరనిచ్చేవాడు.

మళ్లీ యుద్ధం వచ్చింది. సేనాధిపతి రుద్రప్ప బట్టీకి వచ్చి, కుండలు చూసి నవ్వాడు.

"కర్ర ఆరడానికి నీళ్లు పెడతావా? మంట పెంచు. ఐదు రోజుల్లో నూరు ఇరుసులు కావాలి."

"పైపొర ముందే బిగుసుకుపోతే లోపలి తడి బయటికి రాదు దొరా. కర్ర పగులుతుంది."

"చెప్పింది చెయ్యి. లేదంటే నీ తల ఉండదు!"

గవరయ్య మంట పెంచాడు. ఐదోరోజున రుద్రప్ప బండ్లవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. గవరయ్య ఆయన ముందు రెండు ఇరుసులు పెట్టాడు.

"ఇది తమరు చెప్పినట్టు ఐదు రోజుల్లో ఆరబెట్టింది. ఇది నా దగ్గరున్న పాతది, ఇరవై రోజులు ఆరింది. మొదటి బండిలో మీ అబ్బాయిగారు వెళ్తున్నారట. దానికి ఏది వేయమంటారు?"

బండ్లవాళ్లంతా ఆయన్నే చూస్తున్నారు. రుద్రప్ప పాత ఇరుసు మీద చెయ్యి వేశాడు.

"మరి వీళ్ల బండ్లకో, దొరా?"

రుద్రప్ప తల దించుకున్నాడు. "మంట తగ్గించి, కొత్త కర్రను నీ పద్ధతిలోనే ఆరబెట్టు. రాజుగారికి నేను చెప్పుకుంటాను."

ఆ ఏడు సైన్యం ఆలస్యంగా కదిలింది. దారిలో ఒక్క ఇరుసూ విరగలేదు.