పైడయ్య నాలుగో మాట

ఎప్పటి మాటో ఎవరికీ తెలియదు. ఆ ఊరినేలిన రాజు పేరు కూడా ఎవరికీ గుర్తులేదు. ఆ ఊళ్లో ఇళ్లు కుదిర్చే పైడయ్య పేరు మాత్రం అందరికీ గుర్తుంది. ఎందుకు గుర్తుందో చెబుతాను, వినండి.

ఉప్పుటేటి గట్టున ఒక సంత ఊరు. నేతగాళ్లు, కుమ్మర్లు, గానుగవాళ్లు, చేపలవాళ్లు వస్తుండేవారు, పోతుండేవారు. వచ్చేవాళ్లకి ఇల్లు కావాలి, పోయేవాళ్లు ఇల్లు వదిలించుకోవాలి. ఇద్దరికీ మధ్య పైడయ్య ఉండేవాడు. చేతిలో ఒక కర్ర, భుజం మీద ఒక తువ్వాలు. ఇల్లు కుదిరితే ఒక పంచె, కుంచెడు గింజలు. అంతకుమించి అడిగేవాడు కాదు.

పైడయ్యకి ఒక పద్ధతి ఉండేది. ఇంటి మంచి చెప్పేముందు మూడు చెడ్డలు చెప్పేవాడు. గుమ్మం ముందు నిలబడి, మూడు వేళ్లు ఎత్తి, ఒక్కొక్క వేలూ ముడిచేవాడు.

"ఒకటి. తూర్పు జల్లు తిన్నగా పడకటింట్లోకి కొడుతుంది. రెండు. పొయ్యి పొగ బయటికి పోదు, నీ కళ్లలోకి వస్తుంది. మూడు. పక్కింటాయన కోడి కంటే ముందు లేచి పాడతాడు."

"పాడితే మంచిదే గదయ్యా?" అనేవాళ్లు వచ్చినవాళ్లు.

"ముందు విను. తరవాత చెప్పు. ఉండేది నువ్వు, నేను కాదు."

ఉండేది నువ్వు, నేను కాదు. ప్రతి గుమ్మం దగ్గరా ఇదే మాట. అది విని కొందరు వెళ్లిపోయేవారు. ఉన్నవాళ్లు మాత్రం, వాన కొట్టినా పొగ కమ్మినా పైడయ్యని తిట్టేవారు కాదు. ముందే చెప్పాడు గదా.

ఇలా ఉండగా గానుగ పెంటమ్మ ఇల్లు అమ్మకానికొచ్చింది. మొగుడు పోయాడు, గానుగ ఆగిపోయింది. అన్న ఊరికి పోయి బతుకుదామనుకుంది. ఆ ఇంటికి మూడు చెడ్డలున్నాయి. ఒకటి, చూరు వంగింది. రెండు, పెరటి గోడ బీటలిచ్చింది. మూడు, పెరట్లో నుయ్యి వైశాఖం వచ్చేసరికి ఉప్పుగా మారిపోతుంది. వానలు పడ్డాక మళ్లీ తియ్యనవుతుంది.

మొదట ఒక కుమ్మరి వచ్చాడు. మూడో వేలు ముడవగానే వెళ్లిపోయాడు. తరవాత ఒక కంసాలి వచ్చాడు. మూడో వేలు ముడవగానే అతనూ వెళ్లిపోయాడు. పెంటమ్మ పైడయ్య ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది.

"ఒరే తమ్ముడా, నువ్వు నా ఇల్లు అమ్ముతున్నావా, ఆపుతున్నావా?"

"ఉన్నమాట చెబుతున్నానప్పా."

"రెండు చెప్పు. మూడోది మింగీ. నీకేటి పోద్ది? తిండికి లేక మూడు పూటలైంది నాకు."

పైడయ్య తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

పుష్యమాసంలో అసిరమ్మ వచ్చింది. ఆమె, ఆమె మొగుడు లచ్చన్న నూలుకి రంగులద్దేవాళ్లు. నేతగాళ్లు తెల్లనూలు ఇస్తే ఎర్రగా, పచ్చగా, నల్లగా చేసి ఇచ్చేవారు. రంగుల పనికి నీళ్లే ప్రాణం. పైడయ్య గుమ్మం ముందు నిలబడ్డాడు. చూరు సంగతి చెప్పాడు, ఒక వేలు ముడిచాడు. గోడ సంగతి చెప్పాడు, రెండో వేలు ముడిచాడు.

ఈలోగా అసిరమ్మ పెరట్లోకి పోయింది. చేద వేసి, తోడి, దోసిట్లో పోసుకుని తాగింది.

"తియ్యగున్నాయి మావా! ఎప్పుడూ ఇలాగేనా?"

పెంటమ్మ తలుపు చాటు నుంచి చూస్తోంది. పైడయ్య మూడో వేలు అలాగే నిలబడి ఉంది.

"ఊఁ," అన్నాడు పైడయ్య.

అంతే. ఊఁ అంటే అబద్ధమాడినట్టు కాదులే అనుకున్నాడు. మూడో వేలు ముడుచుకున్నాడు. పెంటమ్మ అన్న ఊరికి పోయింది. అసిరమ్మ ఇంట్లో దిగింది.

మాఘం బాగా గడిచింది. ఫాల్గుణం, చైత్రం బాగా గడిచాయి. వైశాఖంలో నుయ్యి మారిపోయింది. పెళ్లి చీరలకని నేతగాళ్లిచ్చిన నూలు ఎర్రగా రావలసింది ఇటుకపొడిలా వచ్చింది. నేతగాళ్ల పెద్ద వచ్చి చూసి, "ఇంకోసారి ఇలాగైతే నూలు వేరే ఊరికి పోతుంది," అని చెప్పి వెళ్లాడు. నూలు పోతే అసిరమ్మ పొయ్యి వెలగదు.

అసిరమ్మ చిలపగా చుట్టిన ఆ నూలు తెచ్చి సంత నడిమధ్యన పైడయ్య ముందు పడేసింది.

"ఏటి మావా ఇది? ఊఁ అన్నావు గదా! నీకు తెలీదా?"

"తెలుసు తల్లీ."

"తెలిసి అన్నావా?"

"తెలిసే అన్నాను."

అసిరమ్మకి తిట్టడానికి ఇంకేం మిగల్లేదు. బుకాయిస్తాడనుకుని వచ్చింది. "ఉండేది నేను. నువ్వు కాదు," అని మాత్రం అని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే పైడయ్య కావడి ఎత్తాడు. ఊరికి అవతల తోపులో మంచినీళ్ల నుయ్యి ఉంది. తాగడానికి ఊరంతా ఒక్కో కడవ అక్కడి నుంచే తెచ్చుకునేది. రంగుకి ఒక్క కడవ సరిపోదు. రోజుకి ఆరు కావళ్లు. ఆరు కావళ్లూ అసిరమ్మ తొట్టిలో పోశాడు. వానలు పడేదాకా పోశాడు.

అసిరమ్మ వద్దనలేదు, మంచిదనీ అనలేదు.

మొదటి వేసవిలో ఊరు నవ్వింది. "ఏవయ్యా, ఇళ్ల బేరం మానేసి నీళ్ల బేరం పెట్టావా?" అన్నారు. రెండో వేసవిలో నవ్వడం మానేసింది. మూడో వేసవిలో కావడి కనపడితే పక్కకి తప్పుకుని దారిచ్చింది.

మూడో వేసవికి పైడయ్య భుజం వాచిపోయింది. ఆరు కావళ్లు నాలుగయ్యాయి, నాలుగు రెండయ్యాయి. రంగు తొట్టి సగమే నిండింది. వచ్చే వేసవికి ఎవరు మోస్తారు?

లచ్చన్న మెల్లగా దగ్గరికొచ్చాడు.

"మావా, ఒక మాట. వానలు పడ్డాక నీళ్లు తియ్యబడతాయి. అప్పుడెవరికైనా ఈ ఇల్లు అంటగట్టీ. నీకూ నాకూ పీడ వదులుద్ది."

"ఒక ఊఁకే భుజం ఇలాగైంది నాయనా. రెండో ఊఁ మొయ్యడానికి నాకు భుజం లేదు."

మర్నాడు సంతరోజు. పైడయ్య సంత మధ్యన నిలబడి, సిగ్గు విడిచి, గట్టిగా అరిచాడు. "ఇల్లుంది! నుయ్యి వేసవిలో ఉప్పుగా ఉంటుంది! కావలసినవాళ్లున్నారా?"

మొదటి సంతలో ఎవరూ రాలేదు. రెండో సంతలో ఒకడొచ్చి, "నీకేమైనా పిచ్చా?" అని అడిగి పోయాడు. మూడో సంతలో ఎండుచేపలమ్మే నీలమ్మ బుట్ట దించి దగ్గరికొచ్చింది.

"ఉప్పంటే ఏ మాత్రం ఉప్పయ్యా?"

"నోట్లో పోసుకోలేవు తల్లీ."

"చేపలు కడగొచ్చా?"

"కడగొచ్చు."

"వేసవంతా ఉంటదా?"

"వానలు పడేదాకా ఉంటుంది."

నీలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "చేపలెండేదీ వేసవిలోనే గదయ్యా! ఏటి నుంచి ఉప్పునీళ్ల కడవలు మోసి మోసి నా నడుం పోతోంది. మూడేళ్ల నుంచి ఇల్లు వెతుక్కుంటున్నాను. ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు ఈ ఇంటిని?"

సంతంతా నవ్వింది. పైడయ్య నవ్వలేదు. కర్ర ఆనుకుని నేల మీద కూచున్నాడు. మూడేళ్ల కిందట ఆ ఒక్క మాటా ఇలాగే గట్టిగా అని ఉంటే, పెంటమ్మ ఇల్లూ అమ్ముడుపోయేది, అసిరమ్మ నూలూ చెడేది కాదు. ఎవరికి చెడ్డో చూశాడు గానీ, ఎవరికి కావాలో వెతకలేదు. అది కదా తన పని!

నీలమ్మ ఆ ఇంట్లో దిగింది. పైడయ్య తోపు పక్కన అసిరమ్మకి ఇంకో ఇల్లు చూశాడు. గుమ్మం ముందు నిలబడ్డాడు. భుజం వాచిన చెయ్యి పైకి లేవలేదు. రెండో చెయ్యి ఎత్తాడు.

"ఒకటి. కప్పు సగం లేదు, నేసుకోవాలి. రెండు. గోడ కంతల్లో పాములున్నాయి, పూడ్చుకోవాలి. మూడు. తోపులో కోతులున్నాయి, ఆరేసిన నూలు లాక్కుపోతాయి."

అప్పటికింకా వానలు పడలేదు. ఆ ఇంటి పెరటి నూతిలోంచి తనే ఒక కడవ తోడి, మోసుకొచ్చి, గుమ్మంలో దించాడు. ముందు తనొక దోసెడు తాగాడు. తరవాత కడవ ఆమె వైపు జరిపాడు. అసిరమ్మ తాగింది. తియ్యగా ఉన్నాయి.

పైడయ్య నాలుగో వేలు ఎత్తాడు.

"నాలుగు. ఈ ఇల్లు కుదిర్చినవాడు ఒకసారి తెలిసీ ఊఁ అన్నాడు."

"అది నాకు తెలుసు గదా మావా! నాకెందుకు చెబుతావు?"

"తెలిసినదానివి, నీతో మొదలెడితే నోరు తిరుగుద్ది. రేపు తెలియనివాళ్లకి చెప్పాలి."

మూడేళ్లలో మొదటిసారి అసిరమ్మ అరుగు తుడిచి, "కూచో మావా. అంబలి తాగి పో," అంది.

ఆ తరవాత పైడయ్య ఇంకొన్నేళ్లు బతికాడు. ఇళ్లు కుదురుస్తూనే ఉన్నాడు. ప్రతి గుమ్మం దగ్గరా మూడు చెడ్డలు చెప్పేవాడు, నాలుగోది తనది చెప్పేవాడు. చాలామంది, "అదెప్పటి మాటో పోనీ, వదిలెయ్యి," అనేవారు. ఆయన వదల్లేదు. ఒక వానాకాలంలో జ్వరమొచ్చి పోయాడు.

ఆయన పోయాక ఆ పని చేసినవాళ్లంతా ఆయన పద్ధతే పట్టుకున్నారు. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఎవరు ఇల్లు కుదిర్చినా, మొదటి కడవ తనే మోసుకొచ్చి గుమ్మంలో దించాలి, ముందు తను ఒక దోసెడు తాగాలి. మూడు వేళ్లు ముడిచి ఇంటి చెడ్డలు చెప్పాలి. అప్పుడు వచ్చినవాళ్లు అడుగుతారు, "పైడయ్య మాట చెప్పు," అని. ఇల్లు కుదిర్చినవాడు తన తప్పొకటి చెప్పాలి. చిన్నదైనా సరే, పాతదైనా సరే.

నేనే తప్పూ చెయ్యలేదు అన్నాడనుకోండి, ఆడవాళ్లు మూట చంకనెత్తుకుంటారు, మగవాళ్లు చెప్పులు తొడుక్కుంటారు. ఇల్లు ఎంత బాగున్నా సరే, గుమ్మం దాటి లోపలికి పోరు.